వాగ్దానం కార్డు వాపసు

ఎమ్మిగనూరు,
8 జూలై 2024

తమ్ముడు తిరుపాల్‌కు నీ అక్క మద్దమ్మ వందనాలు. ఒట్టి వందనాలే. ముందు 'ప్రభువు నామమున' అని రాశాను. కొట్టేశాను. కొట్టేసింది కనబడుతోందని ఇంకో కాగితం తీసుకున్నాను.

నేను ఐదో తరగతి దాటలేదని నీకు తెలుసు. తప్పులుంటే సర్దుకొని చదువు. ఫోను చేయొచ్చు కదా అంటావు. ఇంట్లో ఉన్న ఫోను నా బిడ్డ వీరేష్‌ది. వాడు పోయిన సంగతి తెలియని స్నేహితులు ఇంకా చేస్తున్నారు. ఎత్తితే "ఏమ్ రా వీరేషా, యాడుండావు?" అంటారు. యాడున్నాడని చెప్పేది? స్విచ్చి ఆపేసి జొన్నల డబ్బాలో పెట్టాను. మా వీధి గోవిందన్న ఆదోని బస్సుకు కండక్టరు. ఉత్తరం ఇస్తే నువ్వు పనిచేసే పత్తి మిల్లు గేటు దగ్గర అందిస్తానన్నాడు.

ఉత్తరంలో ఒక కార్డు పెట్టాను. అది నువ్వు పంపిందే. జనవరి ఒకటో తేదీ ఆరాధనలో బైబిలు మాట రాసిన వాగ్దానం కార్డు ఇంటికొకటి తీస్తారు కదా. మీ సంఘంలో నా పేరున నువ్వే తీసి పంపావు. దాచిపెట్టిన సంపద నీ చేతికిస్తానని దేవుడు చెప్పినట్టు అందులో ఉంది. వీరేష్ దాన్ని గోడకు, అద్దం పక్కన అంటించాడు. తల దువ్వుకుంటూ రోజూ పైకి చదివేవాడు. జూన్‌లో తొలి వాన పడగానే "మామ పంపిన కార్డులో రాసే ఉండాది గదమ్మా, వజ్రాల చేలకు పోయొస్తా" అన్నాడు. వాన పడితే తుగ్గలి దిక్కు చేలల్లో జనం రాళ్లు వెతుక్కోవడం మనకు కొత్తా?

ఆ చేలో ఆ మధ్యాహ్నం నూట యాభై మంది ఉన్నారట. అందరూ వంగి నేల చూసుకుంటున్నారు. వీడు నడుము నొప్పి పుట్టి ఒక్క నిమిషం లేచి నిలబడ్డాడు. అదే నిమిషంలో పిడుగు పడింది. ఇరవై రెండేళ్లవాడు. నడుము నొప్పి.

సమాధి రోజు నువ్వు వచ్చావు, ప్రార్థన చేశావు, పిడికెడు మట్టి వేశావు, బస్సెక్కావు. నాలుగు వారాలైంది.

ఈ కార్డు వాపసు తీసుకో. తర్వాత నువ్వే వచ్చి నా ఎదురుగా కూర్చొని, దేవుడు ఇట్లా ఎందుకు చేశాడో చెప్పు. పాస్టరువి. ఇరవై ఏళ్లుగా ఊరందరికీ చెప్తున్నావు. నువ్వు వచ్చి చెప్పేదాకా నేను చర్చికి పోను, ప్రార్థనకు నోరు తెరవను. మనమ్మ కన్నది మనిద్దరినే. నువ్వు కాక నాకింకెవరు చెప్తారు?

నీ రాక కోసం చూసే
మద్దమ్మ


ఆదోని,
12 జూలై 2024

దుఃఖంలో ఉన్న నా అక్కకు, ఆదరించే దేవుని నామంలో తమ్ముడు తిరుపాల్ వందనాలు.

నీ ఉత్తరం అందింది. గోవిందన్న మిల్లు గేటు దగ్గర బస్సు ఆపి ఇచ్చి, "తొందరగా జవాబు రాయండయ్యా, ఆయమ్మ శానా బాధలో ఉండాది" అన్నాడు. అతను చదివినట్టున్నాడు. వచ్చేసారి కవరు అతికించు.

రావాలనే ఉందక్కా. కానీ మందిరానికి సున్నం వేయిస్తున్నాం. నేను దగ్గర లేకపోతే పనివాళ్లు ఒక గోడకు నీలం ఎక్కువ, ఇంకో గోడకు తక్కువ వేస్తారు. అందుకని నీ ప్రశ్నకు జవాబు రాసి పంపుతున్నాను.

అక్కా, దేవుడు తను ప్రేమించేవాళ్లను పరీక్షిస్తాడు. కంసాలి బంగారాన్ని నిప్పులో పెట్టేది కోపంతో కాదు, శుద్ధి చేయడానికి. ఇది నీ విశ్వాసానికి పరీక్ష. నిలబడు.

కార్డును తిప్పి పంపుతున్నాను. వాగ్దానం వాపసు తీసుకునే పద్ధతి సంఘంలో లేదు.

ప్రార్థనలో నిన్ను మరవని
తిరుపాల్


ఎమ్మిగనూరు,
15 జూలై 2024

తమ్ముడికి వందనాలు.

పరీక్ష అన్నావు. ఎవరికి? వీరేష్‌కైతే, సగం రాయకముందే హాల్లోంచి లేపేశారు. నాకైతే, నా పరీక్షకు వాణ్ణి కాగితంలా ఎందుకు చింపారు? నేను ఏమి రాస్తే పాసవుతాను? పాసైతే వాణ్ణి తిరిగిస్తారా? ఇవ్వరు కదా. మరి ఎవరి కోసం పాసవ్వాలి?

బంగారం సంగతి. కంసాలి దగ్గరికి మనం ఉంగరం తీసుకుపోతే, కరిగించే ముందు అడుగుతాడు, "అమ్మా, కరిగించేదా?" అని. నన్నెవరూ అడగలేదు.

కవరు అతికించాను. గోవిందన్న అది చూసి మొహం మాడ్చుకున్నాడు. "నేనేమన్నా పరాయోన్నా?" అన్నాడు. వాడి పెళ్లికి నేను పసుపు దంచాను. పోనీలే అని విప్పి ఇచ్చాను. నిలబడే చదివి, "పరీక్ష మాట నాకూ సరిపోలేదక్కా. మా పాపకు టెన్తులో మార్కులు తక్కువొస్తే మాస్టరు పాపను కొట్టినాడు గానీ, పక్కనున్న పిల్లను కొట్టలేదు గదా" అన్నాడు. దేవుడు వేరైనా వాడి లెక్క బాగుంది.

కార్డు మళ్లీ పంపుతున్నాను. సున్నం ఆరడానికి ఎన్ని రోజులు? ఆరినాక రా.

మద్దమ్మ


ఆదోని,
22 జూలై 2024

ప్రియమైన అక్కకు వందనాలు.

పరీక్షలో ఏమి రాస్తే పాసవుతావని నువ్వు అడగడం చదివి నా కళ్లు చెమర్చాయి. ఇంత దుఃఖంలోనూ వాక్యం నేర్చుకోవాలనే ఆశ ఎంతమందికి ఉంటుంది? మా స్త్రీల కూడికకు పెట్టిన వాక్య పరీక్ష ప్రశ్నల కాగితం జతచేస్తున్నాను. యాభై ప్రశ్నలు. తొందర లేదు, నిదానంగా రాయి. నేను దిద్దుతాను.

ఇంకో మాట. చెడు దేవుడి నుంచి రాలేదక్కా. ఆయన మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు. తోటలో మొదటి మనిషి ఆ స్వేచ్ఛను చెడ్డగా వాడాడు. లోకం అప్పటి నుంచే ఇట్లా చెడింది. స్వేచ్ఛ లేకపోతే మనం మరబొమ్మలం. మరబొమ్మలు ప్రేమించలేవు కదా.

ఇంకొకటి. తోటమాలి మంచి పువ్వునే ముందు తెంపుకుంటాడు. వీరేష్ మంచి పువ్వు.

రావాలనుకున్నాను. కాలు వాచింది. బస్సు మెట్టు ఎక్కలేను. కార్డు ఇందులోనే ఉంది, జాగ్రత్త.

తిరుపాల్


ఎమ్మిగనూరు,
26 జూలై 2024

తమ్ముడికి,

మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, సరే. పిడుగుకు కూడా ఇచ్చాడా?

వీరేష్‌ను ఎవరో పొడిచి ఉంటే, లారీ గుద్ది ఉంటే, నీ జవాబు సరిపోయేదేమో. ఆ పొడిచినవాడి స్వేచ్ఛ అనుకొని వాడి ఇంటి ముందుకు పోయి మన్నెత్తి పోసేదాన్ని. పిడుగు ఇల్లు యాడుంది? దాని ముందర యాడ కూర్చోవాలి?

ఇక పువ్వు. ఏటా నేను పత్తి విత్తనాల క్రాసింగు పనికి పోతానని నీకు తెలుసు. సాయంత్రం మొగ్గ గిల్లుతాం, పొద్దున మగ పువ్వు తెంపి తెచ్చి దానికి రుద్దుతాం. రోజుకు వేల పువ్వులు తెంపిన చేతులు ఇవి. ఒక్కటి కూడా ఊరికే తెంపం. కాయ కోసం తెంపుతాం. ఊరికే తెంపితే సేద్యగాడు "యాంది మద్దమ్మా, చేను నీ సొమ్మా?" అని అరుస్తాడు. నా పువ్వు తెంపి యాడ రుద్దారు? కాయ యాడ కాసింది? చూపిస్తే చూసి ఊరుకుంటాను.

ప్రశ్నల కాగితం చూశాను. నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావు. అయినా అడిగావని మూడో ప్రశ్న దాకా పోయాను. జలప్రళయం నాటి ఓడ పొడవు ఎన్ని మూరలు అని ఉంది. పొడవుతో నాకేం పని? ఆ ఓడ ఎక్కని పిల్లల తల్లులు ఏమన్నారో ఎక్కడైనా రాసుంటే అది పంపు.

నీ కాలు వాపు మాట విని గోవిందన్న ఎగాదిగా చూశాడు. "మొన్న గేటుకాడ నా బస్సు కోసం ఉరికొచ్చినాడే!" అన్నాడు. నువ్వు పరిగెత్తింది నిజమా?

ఒక సంగతి చెప్పాలి. గోవిందన్న మన ఉత్తరాలు బస్సులో పైకి చదువుతున్నాడు. ఆదోని సంతకు పోయే ఆడవాళ్లు, మిల్లు కూలీలు అందరూ వింటున్నారు. కుడి పక్క సీట్లవాళ్లు నీ దిక్కు, ఎడమ పక్కవాళ్లు నా దిక్కు అయ్యారట. సీటు మారాలంటే మనసు మారాలట. డ్రైవరు మాత్రం ఏ దిక్కూ చెప్పలేదట. చూస్తే, ఈ మొత్తం వ్యవహారంలో దేవుడి పద్ధతి డ్రైవరుకే వచ్చినట్టుంది.

కార్డు పంపుతున్నాను. బంగారు అంచు పోతోంది.

మద్దమ్మ


ఆదోని,
5 ఆగస్టు 2024

అక్కకు వందనాలు.

మన ఉత్తరాలు బస్సులో చదవడం మంచిది కాదు. మొన్న ఆదివారం ఆరాధనకు ఒకామె మొదటిసారి వచ్చింది. ప్రభువు పిలిచాడని సంతోషించాను. ప్రసంగం అయ్యాక దగ్గరికి వచ్చి, "పిడుగుకు జవాబు రాసినారా అయ్యా?" అని అడిగింది.

జవాబు రాస్తున్నాను. మంచి జవాబు, మూడు రోజులు ఆలోచించాను. నువ్వుండేది నేతవాళ్ల ఊరు కనుక నీకు సులువుగా అర్థమవుతుంది. మన బతుకు దేవుడు నేసే చీర. మనం కింద నుంచి చూస్తాం. అడుగు పక్కన అన్నీ ముళ్లు, తెగిన దారాలు, చిక్కులు. పై పక్కన అందమైన పువ్వులు, నెమళ్లు. ఆయన పైనుంచి చూస్తాడు. ఒకరోజు మనమూ పై పక్క చూస్తాం. అప్పుడు ఆ పిడుగు మెరుపు కూడా జరీ పోగులా కనిపిస్తుంది.

ఇది నీకు సరిపోతుందని నమ్ముతున్నాను. కాలు కొంచెం నయం. పరిగెత్తలేదు, కుంటుతూ వేగంగా నడిచాను.

తిరుపాల్


ఎమ్మిగనూరు,
9 ఆగస్టు 2024

తమ్ముడికి,

నీ మాట నమ్మి, పక్క వీధి మగ్గం అయ్యన్న ఇంటికి పోయాను. "అయ్యన్నా, నీ చీర అడుగు పక్క చూపించు" అన్నాను.

"యాల?"

"దేవుని సంగతి తెలుసుకోవాల."

ఆయన మగ్గం ఆపి, గుంతలోంచి కాళ్లు పైకి తీసి, చీర తిప్పి చూపించాడు. తిరుపాలూ, రెండు పక్కలా ఒకటే మాదిరి ఉంది. ముడి లేదు, తెగిన దారం లేదు. నీ మాట చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. "అడుగు పక్క పోగులు యాలాడితే వానికి మగ్గం రాదని అర్థం మద్దమ్మక్కా. మా నాయన నాకు పదేండ్లప్పుడే అట్లాంటి గుడ్డ నేస్తే చెంప పగలగొట్టినాడు. మీ తమ్ముడు ఈ మాట మమ్మల్ని తిట్టేకి అన్నాడా, దేవున్ని తిట్టేకి అన్నాడా?"

"వాడు పత్తి మిల్లులో చిట్టీలు రాసేవాడు, గుడ్డ దాకా రాలేదు" అని సర్దాను. ఆయన వినలేదు. నీకు చూపించమని ఒక తువ్వాలు గోవిందన్న చేతికిచ్చాడు. రెండు పక్కలా చూసి, ఏది పైదో ఏది అడుగుదో చెప్పాలట. చెప్పలేకపోతే ఎమ్మిగనూరుకు వచ్చి క్షమాపణ అడగాలట.

నాకిది మంచిదే. నా కోసం రాకపోయినా తువ్వాలు కోసమన్నా వస్తావు.

మద్దమ్మ


ఆదోని,
20 ఆగస్టు 2024

అక్కా,

తువ్వాలు అందింది. చెప్పలేకపోయాను.

ఇక్కడ గొడవగా ఉంది. నీ సంగతి బస్సులో విని ముగ్గురు వాళ్ల కార్డులు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకామెకు కీళ్ల నొప్పి తగ్గలేదు. ఒకాయన బోరులో నీళ్లు పడలేదు. మూడో ఆయనకు ఏ కష్టమూ లేదు, కానీ తన కార్డు కంటే పక్కింటివాళ్ల కార్డు బాగుందట, మార్చమన్నాడు. సంఘ పెద్ద శేషప్ప కమిటీ పిలిచాడు. వచ్చే ఏడు నుంచి కార్డు వెనక 'ఒకసారి తీసిన వాగ్దానం వాపసు తీసుకోబడదు, మార్చబడదు' అని అచ్చు వేయించాలని తీర్మానం చేశారు. నేను వద్దన్నాను. "నీ అక్కకు నువ్వు సరిగ్గా సెప్పుంటే ఈ గతి వచ్చేదా అయ్యగారూ?" అన్నాడు శేషప్ప.

నువ్వు నన్ను ఎగతాళి చేస్తున్నావని నాకు అర్థమైంది. మగ్గం దగ్గరికి పోవడం, బస్సులో నవ్వించడం. నేను మనసు పెట్టి రాశాను. నువ్వు నీ దుఃఖాన్ని నాటకం చేశావు. ఇక నా దగ్గర జవాబులు లేవు.

తిరుపాల్


ఎమ్మిగనూరు,
24 ఆగస్టు 2024

తిరుపాలూ,

ఎగతాళి కాదు. నేను చదివింది ఐదే. పెద్ద మాట చెప్తే దాన్ని చేత్తో పట్టి చూస్తే గానీ నాకు అర్థం కాదు. పువ్వు అంటే పువ్వు దగ్గరికి పోతాను, చీర అంటే మగ్గం దగ్గరికి పోతాను. నువ్వు చెప్పిన ప్రతిదాన్నీ నిజమని నమ్మి, పోయి చూసి వచ్చాను. నవ్వింది బస్సువాళ్లు. నేను నవ్వలేదు. జూన్ నుంచి నవ్వలేదు.

జవాబు లేకపోతే లేకుండానే రా. గంట ప్రయాణం. నా ఒక్కగానొక్క తమ్ముడు గంట దూరంలో ఉండి పదకొండు వారాలు రాలేదంటే, నేను ఏం చేశానో చెప్పు. దేవుడు ఎందుకు చేశాడో చెప్పకపోతే పోయె. నువ్వెందుకు రావో చెప్పు.

మద్దమ్మ


ఆదోని,
5 సెప్టెంబరు 2024

అక్కా,

ఈ కవరును రెండుసార్లు బంక రాసి అతికించాను. గోవిందన్న చేతికిచ్చేటప్పుడు విప్పొద్దని చేతులు జోడించాను.

జనవరి ఒకటో తేదీ పొద్దున ఆరాధనలో పళ్లెంలో కార్డులు బోర్లించి పెట్టాం. నీ పేరున ప్రార్థన చేసి ఒకటి తీశాను. లోకంలో నీకు శ్రమ ఉంటుంది, ధైర్యం తెచ్చుకో అనే అర్థంతో ఉంది. తర్వాత నాకోసం ఒకటి తీశాను. సంపద కార్డు అది.

బావ పోయి ఆరేళ్లు. ఒక్కదానివి కూలికి పోయి పిల్లవాణ్ణి పెంచావు. నీకు కొత్త సంవత్సరం పూట శ్రమ అని రాసి పంపేదా? చేయి రాలేదు. మార్చాను. నా సంపద నీకు పంపి, నీ శ్రమ నా జేబులో పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ల సేవలో వాగ్దానం మార్చడం అదొక్కసారే.

మార్చకపోయి ఉంటే మీ గోడ మీద శ్రమ అని ఉండేది. రోజూ తల దువ్వుకుంటూ శ్రమ, శ్రమ అని చదివినవాడు వజ్రాలకు పోతాడా? పోడు. ఇంట్లోనే ఉండేవాడు. సమాధి దగ్గర వాడి స్నేహితులెవరో కార్డు సంగతి చెప్పారు. నీ మొహం చూడలేక బస్సెక్కాను. సున్నం అబద్ధం, మందిరానికి రెండేళ్లుగా సున్నం లేదు. కాలు వాపూ అబద్ధం. నువ్వు కార్డు తిప్పి పంపిన ప్రతిసారీ, నీకు తెలిసిపోయిందేమో, నన్ను పిలిచి అడగబోతున్నావేమో అనుకున్నాను.

నీకు రాసిన జవాబులన్నీ ముందు నాకు నేను చెప్పుకున్నవే. ఒక్కటీ నాకు పట్టలేదు. నీకైనా పడుతుందేమోనని పంపాను.

ఆ కార్డు నాది, అందుకే ఇక తిప్పి పంపలేదు. ఆ పిడుగు నాకు రావాల్సింది.

తిరుపాల్


ఎమ్మిగనూరు,
9 సెప్టెంబరు 2024

ఒరే తిరుపాలూ,

నీ ఉత్తరం నాలుగు రోజులు చదివాను. మొదటి రోజు నీ మీద కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పేది? కత్తి తీసుకొని ఆదోనికి వద్దామనుకున్నాను. రెండో రోజు ముక్కు చీది చీది కొంగు తడిసిపోయింది. మూడో రోజు, నువ్వు పాస్టరువా పిచ్చోడివా అనిపించింది. ఎక్కడో మిషన్లో అచ్చేసిన అట్టముక్క చదువుకొని పిడుగు దారి మార్చుకుంటుందా? నీ ఇంటికి రావాల్సినది, అడ్రసు చూసుకొని తుగ్గలి చేలకు పోయిందా? ఇంత చదువు చదివి నువ్వు నమ్మేది ఇదేనా?

నాలుగో రోజు రాస్తున్నాను. మొదటి ఉత్తరంలో నేను నీకు రాసింది సగమే. మిగతా సగం ఇది.

వీరేష్ పదహారో ఏట నుంచి ప్రతి ఏడూ ఆ చేలకు పోతున్నాడు. పోయినేడు మన కార్డులో రోగాలు దరిచేరవని ఉంది. అప్పుడూ పోయాడు. ఆ ముందటేడు ఏముందో గుర్తు కూడా లేదు, అప్పుడూ పోయాడు. కార్డు మాట ముందు రోజు సాయంత్రం నవ్వుతూ అన్నాడు, అంతే. పొద్దున లేచి, "నడుము పట్టేసిందమ్మా. ఈసారి పోనులే" అని మళ్లీ దుప్పటి కప్పుకున్నాడు.

నేనే లేపాను. "వయసోడివి, నడుము నొప్పేంది? పడుకుంటే ఏమొస్తాది? మాధవరం ఊరోనికి పోయినేడు వజ్రం దొరకలా? పోరా" అన్నాను. రొట్టెలు చేసి, పచ్చికారం పెట్టి, గుడ్డలో కట్టి చేతికిచ్చింది నేను. వాకిలి దాకా తోసినట్టే పంపాను. "వస్తాలే, తల తినాకు" అన్నాడు. ఆ నడుమే రా. ఆ నడుము కోసమే వాడు లేచి నిలబడింది.

ఇది ఎవరికీ చెప్పలేదు. దేవుడు చేశాడంటే నేను చేయలేదని అవుతుంది కదా. అందుకే ఆయన్ని అంత గట్టిగా పట్టుకున్నాను. ఆయన్ని వదిలితే నా చేతిలో నేనే మిగులుతాను. నువ్వు పరీక్ష అన్నా, పువ్వు అన్నా, చీర అన్నా నాకు సరిపోకపోయింది అందుకే. నువ్వు తప్పులోంచి దేవుణ్ణి విడిపించే ప్రతి జవాబూ, తిరిగి నన్ను చూపించింది.

ఇప్పుడు నువ్వు ఆదోనిలో తప్పు నాదంటావు, నేను ఎమ్మిగనూరులో తప్పు నాదంటాను. ఇద్దరం ఇట్లా ఒక పిల్లవాణ్ణి రెండు ఊళ్లల్లో చంపుతూ ఉంటే ఎట్లా?

శనివారం రా. ఏ జవాబూ తేవద్దు. ఈ ఉత్తరం గోవిందన్న చేతికివ్వను, పోస్టు డబ్బాలో వేస్తాను. వాడికి ఇంకో వారం కోపం ఉంటుంది, ఉండనీ.

అక్క


ఎమ్మిగనూరు,
16 సెప్టెంబరు 2024

తమ్ముడు తిరుపాల్‌కు వందనాలు.

శనివారం జరిగింది నాకు తెలియదా అంటావు. ఆ ఏడుపులో నీకు ఏం వినిపించిందో ఏం వినిపించలేదో నాకు అనుమానం. అందుకని రాస్తున్నాను.

నువ్వు వాకిట్లో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టావు. నేను తమ్ముడొస్తే పట్టుకొని ఏడుద్దామని మూడు నెలలుగా దాచుకున్న ఏడుపు. నువ్వు నాకు సందే ఇవ్వలేదు. గడప మీద కూలబడి, పాస్టరువనే సంగతి మరిచిపోయి, మనమ్మ పోయినప్పుడు కూడా ఏడవనంత ఏడ్చావు. వీధంతా వచ్చింది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలు నిన్నే కొడుకు పోయిన తండ్రి అనుకున్నారు. నీ చేయి పట్టుకొని "ధైర్యం తెచ్చుకోండయ్యా" అన్నారు. నన్ను పక్కకు జరగమన్నారు, గాలి ఆడటం లేదని. ఎదురింటి ఉచ్చీరమ్మ నీకు సోడా తెచ్చింది. నాకు తేలేదు.

అప్పుడు నేను నిన్ను ఊరుకోబెట్టాల్సి వచ్చింది. నోరు తెరిస్తే ఏమొచ్చిందో తెలుసా? "ఊరుకో తమ్ముడా, అంతా దేవుని చిత్తం" అన్నాను. నేనే అన్నాను. ఆగలేదు. "దేవుడు పరీక్ష పెట్టినాడు, మంచి పువ్వును తీసుకున్నాడు, ఒకరోజు అంతా తెలుస్తాది" అని వరసగా నీ ఉత్తరాలన్నీ నీకే అప్పజెప్పాను. గుంపులో అయ్యన్న ఉన్నాడని చీర మాట ఒక్కటే మింగాను. చెప్తూ ఉంటే నాకు అర్థమైంది. అవి జవాబులు కావు. ఎదుటివాడు అట్లా పడి ఏడుస్తుంటే చూడలేక నోరు ఏదో ఒకటి అనేస్తుంది. పడిపోయేవాణ్ణి చొక్కా అయినా సరే, దొరికింది పట్టుకొని లాగినట్టు. నువ్వూ నన్ను అట్లే పట్టి లాగావు. చొక్కా చినిగింది, అంతే.

నువ్వు తలెత్తి, ముక్కు కారుతూ, "అక్కా, పిడుగుకు కూడా స్వేచ్ఛ ఇచ్చినాడా?" అని నన్ను అడిగావు. పసిపిల్లవాడిలా నిజంగానే అడిగావు, నాకు తెలుసేమో అన్నట్టు. నాకు యాడ తెలుస్తుంది? "నోరు మూసుకొని అన్నం తిను" అన్నాను. నువ్వు "సరే" అన్నావు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నాకు కడుపు పట్టేసింది. అంతసేపూ నిన్ను ఓదార్చినవాళ్లు మొహమొహాలు చూసుకొని, "ఈ కిరస్తానోళ్ల సంగతి మనకు తెలీదమ్మా" అనుకుంటూ వెళ్లిపోయారు.

తర్వాత నేను రొట్టెల సంగతి మళ్లీ నోటితో చెప్పాను. నువ్వు నీ తప్పు కాదని అనలేదు. అన్నం కలుపుతూ, "ఎన్ని రొట్టెలు కట్టిచ్చినావు?" అని అడిగావు. నాలుగు అన్నాను. "వానికి నాలుగు సాలవు గదక్కా" అన్నావు. "సాలవు" అన్నాను. ఇంకేమీ అనుకోలేదు మనం. వాడు ఎంత తినేవాడో అదే మాట్లాడుకున్నాం, సాయంత్రం బస్సు దాకా. వాడు పోయినాక వాడి తిండి గురించి నాతో మాట్లాడింది నువ్వొక్కడివే. మిగతా అందరూ వాడి ఆత్మ గురించే మాట్లాడారు.

చర్చికి వస్తానా అని పోయేటప్పుడు నువ్వు అడగలేదు. అడగనందుకు చెప్తున్నాను. ఆదివారం పోయాను. వెనక కూర్చున్నాను. పాట పాడలేదు. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నేను తెరిచే ఉంచి, "నాకు నీ మీద కోపం పోలేదు. ఊరికే చెప్పి పోదామని వచ్చినా" అన్నాను, పెదవులు కదలకుండా. ఆయన ఏమీ అనలేదు. నేనూ లేచి రాలేదు. చివరిదాకా కూర్చున్నాం.

ఇంకొకటి. జూన్ నుంచి నేను ఉచ్చీరమ్మ పంపిందే తింటున్నాను. శనివారం నువ్వొస్తున్నావని మొదటిసారి పొయ్యి ముట్టించి, రెండు పూటలకు సరిపోయేట్టు ఒకేసారి వండాను. నువ్వు బస్సెక్కాక రాత్రికని గిన్నె మూత తీస్తే అడుగు కనబడింది. నువ్వు తిన్నది రెండు ముద్దలు, నేను చూస్తూనే ఉన్నాను. మిగతాదంతా మాటల్లో పడి నేనే తినేశాను.

లేచి మళ్లీ ఎసరు పెట్టాను.

మీ అక్క,
మద్దమ్మ